అభిప్రాయ పుస్తకము - గుడ్లగూబ బొమ్మలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)

  

ఇరువదియైదు సంవత్సరములు నిండిన మన గ్రంథాలయపు రజతోత్సవ సభలో నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు, ఏ విషయమును గూర్చి మాటలాడవలెనని అడిగితిని. "ఇంకేమున్నది మాష్టారూ, మీ గుడ్లగూబలను గూర్చియే" యని వారు బదులు చెప్పిరి. గ్రంథాలయ సభలో గుడ్లగూబల ప్రసంగమేమని మీలో కొందరికి నవ్వు రావచ్చును. ఆ పక్షులు చెట్టు తొర్రలలో పుట్టిన మాట నిజమే. కాని వాటిని నేను తీసిన ఛాయాచిత్రములు మాత్రము ఈ పఠనమందిరపు ఉత్తరపు గోడమీదనే పెరిగి పెద్దవైనవి. ఆ గోడక్రింది బల్లమీద, పెన్సిలుతో సహా త్రాడు కట్టి యుంచిన అభిప్రాయ పుస్తకమును మీరందరు ఎరుగుదురు. ఆ పుస్తకమునకు నేను పడియున్న ఋణమును నేడు మీ ముందు ఒప్పుకొనదలచితిని. అందు ఒక ఋణము తీరునది కాదు. దానిని గూర్చియు దాచక చెప్పెదను.

ముందు ఆ పక్షులను గూర్చి నాలుగు మాటలు. మన దేశమున ముప్పదికి పైగా గుడ్లగూబ జాతులు కలవు. మన గ్రామ పరిసరములలో నేను మూడింటిని చూచితిని. మొదటిది పైడికంటి. ఇది గోరువంకంత పక్షి; పొడవు సుమారు 21 సెంటీమీటర్లు; బూడిదవన్నె మేనిపై తెల్లని చుక్కలు, పసుపుపచ్చని కన్నులు. రెండవది చావుపిట్ట యని మనవారు అన్యాయముగా పేరు పెట్టిన తెల్లని గూబ. హృదయాకారమైన ముఖముతో, పాత గోపురములలోను, పాడుపడిన మేడలలోను నివసించును. మూడవది ఊరికి పడమర కొండరాళ్ళ నడుమ నుండు పెద్ద గుడ్లగూబ. తలపై చెవులవలె రెండు ఈకల కుచ్చులు నిక్కియుండును.

గుడ్లగూబ యింటిమీద వ్రాలినచో కీడు కలుగునని మన పెద్దలు భయపడిరి. వంగదేశమున నదే పక్షిని లక్ష్మీదేవి వాహనముగా భావింతురు. పక్షి యొక్కటే, భయభక్తులు మనవి. నిజమునకు తెల్లగూబ రైతునకు పరమ మిత్రము. ఎలుకను అది ముక్కలు చేయక మ్రింగి, అరుగని యెముకలను, వెండ్రుకలను ఉండగా చుట్టి నోటినుండి వెడలగ్రక్కును. ఆ ఉండను నీళ్ళలో నానవైచి విప్పినచో ఎలుకల పుఱ్ఱెలు లెక్కపెట్టవచ్చును. నేను బడిపిల్లలచే ఈ పని చేయించితిని. కీడు చేయు పక్షియో, ధాన్యము కాపాడు పక్షియో వారే తేల్చుకొనిరి.

ఇక నా కథ. 2013లో ఉద్యోగ విరమణ చేసిన పిదప, నా కుమారుడు ఒక డిజిటల్ కెమెరాను, దూరపు వస్తువులను దగ్గరగా చూపు 400 మిల్లీమీటర్ల లెన్సును కొనియిచ్చెను. మరుసటి సంవత్సరమున ఊరిచెరువు గట్టున నున్న ముసలి చింతచెట్టుపై ఒక పైడికంటి జంటను కనుగొని, పదునైదు దినములు శ్రమించి మూడు బొమ్మలు తీసి, పెద్దవిగా అచ్చువేయించి ఇచ్చట తగిలించితిని. గ్రంథపాలకుడు "చూచినవారు తోచినది వ్రాయవచ్చును" అని ఒక నోటుపుస్తకమును ప్రక్కన పెట్టెను. ఇది క్రొత్త ఆచారమేమియు కాదు. ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినములనుండియే ఛాయాగ్రాహకులు తమ బొమ్మలను ఒక పెట్టెలో నుంచి ఒకరినుండి యొకరికి తపాలాలో పంపుకొని, ప్రతి బొమ్మకు తమ విమర్శను వ్రాసి చేర్చుచుండెడివారు. వారు ఆ విద్య నెరిగినవారు. మన పుస్తకములో వ్రాసినవారు కెమెరా నెరుగరు. కాని చింతచెట్టు నెరుగుదురు.

మొదటి అభిప్రాయము ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలికది. "మాష్టారు గారూ! గూబ పొట్ట, కాళ్ళు మాత్రమే కనబడుచున్నవి. మా డాబామీదికి వచ్చి తీయండి" అని వ్రాసెను. నేను చెట్టుక్రింద నిలిచి పైకి చూచి తీసితిని. పక్షిని క్రిందినుండి చూచినచో దాని ముఖము దక్కదు, వెనుక తెల్లని ఆకాశము మండుచుండును, పక్షి నల్లని మచ్చయగును. ఆ బాలిక యింటి డాబా చెట్టునకు ఎదురుగా నుండెను. అక్కడినుండి చూడగా గూబ కన్ను, నా కన్ను ఒక్క మట్టమున నిలిచెను. వెనుక ఆకాశమునకు బదులు చెరువు నీటి నీడ వచ్చెను. ఏ పుస్తకమును చదువకయే ఆ పిల్ల నాకు ఛాయాచిత్రణములో మొదటి సూత్రమును నేర్పెను.

రెండవది ఒక యువకుడు వ్రాసినది. "బొమ్మ అలికినట్లున్నది." ఇది సత్యము. పైడికంటి సంధ్యవేళ కదలును. అప్పటికి వెలుతురు తరిగిపోవును. వెలుతురు తక్కువైనచో కెమెరా కన్ను ఎక్కువసేపు తెరచియుండవలెను. తెరచియున్నంతసేపు చేయి వణకరాదు. 400 మిల్లీమీటర్ల లెన్సును చేతబట్టి తీయునపుడు సెకనులో నాలుగువందలవ వంతుకంటె ఎక్కువ సేపు తెరువరాదనునది అనుభవజ్ఞుల లెక్క. నేను అరువదవ వంతు తెరచితిని. ఇందుకు మందు రెండు విధములు. కెమెరా గ్రహణశక్తిని, అనగా ఐ.ఎస్.ఓ. సంఖ్యను, పెంచవచ్చును, కాని అది మితిమీరినచో బొమ్మపై ఇసుక చల్లినట్లు గరుకు తేలును. రెండవది మూడుకాళ్ళ స్టాండు. గుడ్లగూబ ఈ విషయమున దయగల పక్షి. అది చాలసేపు కదలక కూర్చుండును. స్టాండుపై కెమెరా బిగించి, పక్షి తల త్రిప్పి నిలిపిన క్షణమును కనిపెట్టి తీసినచో ముప్పదవ వంతు సెకనులోను స్ఫుటమైన బొమ్మ వచ్చును. స్ఫుటత ఎక్కడ నుండవలెననగా, కంటియందు. ఈక యలికినను చూపరి క్షమించును, కన్ను అలికినచో క్షమింపడు.

ఆ కన్నును గూర్చియే మూడవ అభిప్రాయము. చీకటిలో ఫ్లాష్ వెలిగించి తీసిన తెల్లగూబ బొమ్మ క్రింద ఎవరో, "దీని కన్నులలో దీపములు పెట్టినారా?" అని వ్రాసిరి. ఫ్లాష్ వెలుగుతో రాత్రివేళ వన్యమృగములను చిత్రించుట పాతవిద్యయే. అమెరికాలో జార్జి షైరస్ అను న్యాయవాది తీసిన 74 ఛాయాచిత్రములను 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రిక 1906 జూలై సంచికలో ప్రకటించి ప్రపంచమును ఆశ్చర్యపరచెను. కాని లెన్సు ప్రక్కనుండి వెడలిన వెలుగు తిన్నగా కంటిలోనికి పోయి, తిన్నగా మరలివచ్చును. అందుచే తెల్లగూబ నల్లని కన్నులు నిప్పుకణికలవలె వచ్చినవి. అది బొమ్మకు దోషము. పక్షికో? గుడ్లగూబ కన్ను గుండ్రని బంతివంటిది కాదు. గొట్టమువలె నుండి, గుంటలో తిరుగజాలదు. అందుకే ప్రకృతి దానికి మెడలో 14 వెన్నుపూసల నిచ్చి - మనకు ఏడే - తలను ఒక ప్రక్కకు 270 డిగ్రీలవరకు త్రిప్పు శక్తి నిచ్చినది. ఆ కన్ను కొద్దిపాటి వెలుతురును ప్రోగుచేసికొనుటకు ఏర్పడినది. అట్టి కంటిలో మెరుపును కొట్టి, వేటకు బయలుదేరిన పక్షిని కొంతసేపు గ్రుడ్డిదానిని చేయుట మర్యాదయా అని నన్ను నేను ప్రశ్నించుకొంటిని. ఆనాటినుండి ఫ్లాష్ పెట్టెలోనే యున్నది.

నాలుగవ అభిప్రాయము నోటిమాటగా వచ్చినది. పైడికంటి తల నొక్కమారు వంచి, ఒక్కమారు నిక్కించి, గుడ్లు తేలవేసి నన్నే చూచుచున్న నాలుగు బొమ్మలను వరుసగా తగిలించితిని. అందరు నవ్విరి, మెచ్చిరి, నేనును గర్వపడితిని. గొఱ్ఱెలు కాచు ఒక పెద్దమనిషి వానకు తలదాచుకొన ఇచ్చటికి వచ్చి, బొమ్మలను చూచి, "అది నీకు దండం పెట్టడంలేదు సామీ! దగ్గరికి రావద్దని బెదిరిస్తావుంది" అనెను. నేను పుస్తకములు తిరుగవేయగా ఆయన చెప్పినదే నిజమని తేలినది. పైడికంటి కలతపడినపుడు అట్లు తల యెగురవేయును. మరికొన్ని జాతులు భయపడినపుడు ఈకలను ఒంటికి బిగించి, సన్నగా నిలువుగా సాగి, కన్నులను సన్నని గీతలుగా మూసికొనును. నెమ్మదిగానున్న గూబ ఈకలు వదులుగా నుండును. అది ఒంటికాలిపై నిలుచును, ముక్కుతో ఈకలు దువ్వుకొనును, కునికిపాట్లు పడును. నేను నవ్వుల బొమ్మలని తలచినవి భయపు బొమ్మలు. ఆ మాటతో నా పనివిధానమే మారినది. అంతవరకు బొమ్మను చూచి ఇది బాగున్నదా యని అడుగుకొనెడివాడను. ఆపై, ఇది తీయునప్పుడు పక్షి యేమనుకొన్నదని అడుగుకొన నారంభించితిని.

నారంభించితినే గాని, పూర్తిగా నేర్చుకొనలేదు. ఇదియే నేను చెప్పక తప్పని సంగతి.

2016 ఫిబ్రవరి మాసమున అదే చింతచెట్టు తొర్రలో పైడికంటి జంట పిల్లలను చేసినది. ఈ పక్షులు సాధారణముగా మూడు మొదలు ఐదు వరకు గ్రుడ్లు పెట్టును. తొర్రలోనుండి పిల్లల కీచుకూతలు వినవచ్చుచుండెను. నేను డాబామీదినుండి తీసిన బొమ్మను, ఛాయాచిత్రకళలో ఆరితేరిన పట్నపు మిత్రునకు పంపితిని. ఆయన అంతకుముందు నాకు ఎన్నో మంచి సలహాలిచ్చినవాడు. "అంతయు బాగున్నది, తొర్రముందు ఆకులు ముఖమునకు అడ్డువచ్చినవి. అవి లేకున్నచో ఇది ప్రదర్శనలకు పంపదగిన చిత్రము" అని ఆయన జాబు వ్రాసెను. ఆయన మాటలో తప్పులేదు. బొమ్మను గూర్చి ఆయన చెప్పినది నిజమే. కొమ్మను విరువుమని ఆయన చెప్పలేదు. విరిచినవాడను నేను. మధ్యాహ్నవేళ చెట్టెక్కించి, జానెడు కాదు, మూరెడు రెమ్మను తీసివేయించితిని. ఆ సాయంకాలము తల్లిపక్షి ఒక మిడుతను ముక్కున గరచుకొని తొర్ర యంచున వ్రాలెను. లోపలినుండి రెండు చిన్న ముఖములు పైకి వచ్చెను. నా జన్మలో అంతటి బొమ్మ నేను తీయలేదు.

వారములో అది అచ్చయి ఈ గోడ నెక్కినది. పుస్తకములో రెండు పుటలు పొగడ్తలతో నిండినవి. మూడవనాడు, తాళ్ళు గీయు ఒక వృద్ధుడు వచ్చి చూచెను. ఆయనకు వ్రాత రాదు. ఒక పిల్లవానిచేత పుస్తకములో ఒక్క వాక్యము వ్రాయించి వెడలిపోయెను. "మాష్టారూ, బొమ్మ బాగుంది. తొర్ర ముందుండే రెమ్మ ఏమయింది?"

నేను ఆ సాయంకాలమే చెరువుగట్టునకు పోయితిని. తొర్ర నుండి కూత లేదు. చెట్టుచుట్టు కాకులు తిరుగుచుండెను. పెద్దపక్షులు రెండును దూరపు కొమ్మపై ఈకలు బిగించుకొని కూర్చుండియుండెను. మరునాడును, ఆ మరునాడును అంతే. కాకులే తీసికొనిపోయెనని నేను కంట చూడలేదు. కాని పగటివేళ ఆ తొర్రకు తెరగానున్నది ఆ రెమ్మయే. దానిని తొలగించినది నేనే. తాటిచెట్టుపైనుండి దినమునకు రెండుమారులు ఆ చింతను చూచెడి మనిషికి బొమ్మలో మొదట కనబడినది పక్షి కాదు, లేని రెమ్మ. రెండు పుటల పొగడ్తలు వ్రాసినవారిలో ఎవరికిని, తీసిన నాకును, అది కనబడలేదు.

నేను ఆ బొమ్మను దింపివేయ వచ్చితిని. గ్రంథపాలకుడు వారించి, "దింపినచో తప్పు మీకొక్కరికే తెలియును. ఉంచి, క్రింద జరిగినది వ్రాయండి" అనెను. వ్రాసితిని. అది నేటికిని ఉత్తరపు గోడమీద ఎడమనుండి నాలుగవది. సభానంతరము చూడగోరువారు చూడవచ్చును.

విమర్శ యనునది రెండు విధములని అప్పుడు నాకు బోధపడినది. ఒకటి బొమ్మను గూర్చినది: ఇచ్చట చీకటి, అచ్చట అడ్డు, ఇది ఇంకను దగ్గరగా నుండవలెను. రెండవది బొమ్మలోని ప్రాణిని గూర్చినది: అది ఎక్కడ నున్నది, ఏమి చేయుచున్నది, ఏల అట్లు చూచుచున్నది. మొదటిదానిని వినక ఎవడును మంచి బొమ్మ తీయలేడు. పట్నపు మిత్రుని సలహాలు నేటికిని కోరుచున్నాను. కాని రెండవదానితో తూచక మొదటిదానిని ఆచరించినచో, ఒక రెమ్మ తీసినంత సులభముగా ప్రాణము తీయవచ్చును.

పక్షి తానే విమర్శకు దిగిన సందర్భము నొకటి చెప్పెదను. ఎరిక్ హాస్కింగ్ అను ఆంగ్లేయుడు పక్షుల ఛాయాచిత్రణమునే వృత్తిగా చేసికొన్న ప్రసిద్ధుడు. 1937లో వేల్సు దేశమున ఒక గుడ్లగూబ గూటివద్ద రాత్రివేళ తన మాటులోనికి పోవుచుండగా, ఆ పక్షి నిశ్శబ్దముగా వచ్చి ఆయన ముఖముపై కొట్టెను. ఆయన ఎడమకన్ను పోయెను. గుడ్లగూబ రెక్క ఈకల యంచు దువ్వెన పండ్లవలె నుండి గాలి చప్పుడును మ్రింగివేయును. అందుచే రాక తెలియదు. హాస్కింగు తన పనిని మానలేదు. ఒంటికంటితోనే దశాబ్దములపాటు పక్షులను చిత్రించెను. 1970లో తన ఆత్మకథకు 'యాన్ ఐ ఫర్ ఎ బర్డ్' అని పేరు పెట్టెను. గూటికి ఎంతవరకు పోవచ్చునను ప్రశ్నకు పక్షి యిచ్చు సమాధానము అట్లుండునని నేను గ్రహించితిని.

ఇప్పుడు నేను పాటించు నియమములు కొన్ని కలవు. క్రొత్తగా చేతఫోనుతోనో, కెమెరాతోనో పక్షులను తీయ నుత్సహించు యువకులకు ఉపయోగపడునని చెప్పుచున్నాను. గూటివద్దను, పిల్లలవద్దను బొమ్మలు తీయను. చెట్టు రెమ్మను కదలింపను. అడ్డువచ్చినచో నేనే ప్రక్కకు జరుగుదును, లేదా ఆ దినమునకు బొమ్మ లేదని మరలివత్తును. మాటు వేయవలసినచో గుడ్డ డేరాను దూరముగా వేసి, పక్షి అలవాటుపడిన కొలది దినమునకు కొంతగా జరుపుదును. పక్షి తల యెగురవేసినను, ఈకలు బిగించినను, వెనుకకు మరలుదును. ఎలుకను ఎరగా కట్టుట, గూబకూతను యంత్రములో వినిపించి రప్పించుట చేయను. తెల్లగూబ చెవులు ఒకటి ఎగువగా, ఒకటి దిగువగా నుండును. పూర్ణాంధకారములో చప్పుడును మాత్రమే బట్టి ఎలుకను పట్టగలదని ప్రయోగములవలన ఋజువైనది. అట్టి చెవికి కెమెరా టిక్కుమను శబ్దమే పిడుగు. కనుక చప్పుడు లేకుండ తీయు ఏర్పాటు కెమెరాలో నున్నచో దానినే వాడవలెను.

ఇంకొక నియమము అన్నిటికంటె ముఖ్యము: పక్షి యుండు చోటును చెప్పను. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము గుడ్లగూబను పట్టుట, చంపుట, అమ్ముట నేరము. అయినను క్షుద్రపూజలకును, తాయెత్తులకును వాటిని పట్టి అమ్ముచునే యున్నారు. దీపావళి దినములలో ఈ ఘోరము హెచ్చును. ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010లో ప్రకటించిన నివేదికలో 15 జాతుల గుడ్లగూబలు ఇట్టి వ్యాపారమున చిక్కుచున్నట్లు తెలిపినది. నేటి ఫోనులు బొమ్మతోపాటు తీసిన చోటి అక్షాంశ రేఖాంశములనుగూడ దాచి యుంచును. ఆ గుర్తును చెరిపివేయక పదిమందికి పంపిన బొమ్మ, వేటగానికి చేతికిచ్చిన చిరునామా యగును.

ఇన్ని నియమములతో మంచి బొమ్మ వచ్చునా యని అడుగుదురేమో. 2019 జనవరిలో తీసినది గోడమీద చివర నున్నది. ఆ జంటయే యని ప్రమాణము చేయలేను గాని, ఆ చెట్టే. అందు పక్షులు చిన్నవి. బొమ్మలో పదవవంతు కూడ నుండవు. చింతకొమ్మ, సందెవెలుగు, చెరువు నీరు మిక్కిలిగా నున్నవి. ఒక పైడికంటి కన్నులు సగము మూసియున్నది; రెండవది దాని మెడమీది ఈకలు దువ్వుచున్నది. రెండింటికిని ముందు ఒక రెమ్మ అడ్డముగా నున్నది. ప్రదర్శనలకు పంపితిని, ఎంపిక కాలేదు. ఇచ్చట తగిలించిన రెండవ వారమున తాళ్ళు గీయు ఆ వృద్ధుడు వచ్చి, చాలసేపు నిలిచి చూచి, ఈమారు పిల్లవానిని పిలువక నాతోనే చెప్పెను. "ఇది మన చెట్టే, మాష్టారూ." నాకు వచ్చిన బహుమానమిది.

సోదరులారా! గ్రంథాలయమనగా పుస్తకములను చదువుకొను చోటు మాత్రమే యని మనము తలంతుము. ఇచ్చట చదువనేర్చినవారిని, చదువురానివారిని ఒక్క గోడముందు నిలిపి, అందరి మాటకు ఒక్క పుస్తకములో తావిచ్చిన గ్రంథపాలకునకును, కార్యవర్గమునకును నా కృతజ్ఞత. రజతోత్సవమునకు క్రొత్త బీరువాలు వచ్చినవి, క్రొత్త దీపములు వచ్చినవి, సంతోషము. ఆ త్రాడు కట్టిన పుస్తకమును మాత్రము తీసివేయవద్దని కార్యవర్గమునకు నా మనవి. అందు ఇంక పదునాలుగు పుటలే మిగిలియున్నవి. క్రొత్త పుస్తకమును నేను కొని తెచ్చితిని; దీనిని అధ్యక్షులవారికి సమర్పించుచున్నాను.